అడగకుండా

హోవ్ద్ బడిలో నాకది మొదటి చలికాలం.
బొగ్గు పొయ్యి పక్కన చేతితొడుగులు ఆరుతుంటే
గదంతా తడి గొర్రె వాసన.
నల్లబల్ల మీద, సుద్ద విరిగేంత గట్టిగా రాశాను:
"అడగకుండా తీసుకుంటే దొంగతనం."
రాజధానిలో ఇచ్చి పంపిన పుస్తకంలో
ఒకటో పాఠం, ఒకటో వాక్యం.

ముప్పై ఒక్క మంది రాసుకున్నారు.
దుల్గూన్ రాయలేదు.
పెన్సిలు చివర కొరుకుతూ లేచి నిలబడ్డాడు.

"మేం ఒంటెల్ని వెతకబోయిన రోజు
మా గుడారంలోకి ఎవరో వచ్చారు టీచర్.
బయట తుఫాను. మా పిడకలు కాల్చుకున్నారు,
టీ కాచుకున్నారు, ఎండబెట్టిన పెరుగుగడ్డలు
సంచికి సగం తినేశారు.
అమ్మ పక్కమీదే పడుకుని లేచి పోయారు."

"నాన్నకు కోపం రాలేదా?"

"వచ్చింది. చాలా.
వెళ్ళేముందు పొయ్యి పక్కన
నాలుగు పిడకలైనా పేర్చిపోలేదని.
తరవాత వచ్చేవాడి వేళ్ళు కొంకర్లుపోతే
ఆ పాపం ఎవడిదని."

నవ్వబోయి ఆగిపోయాను.
నగరంలో మా ఇంటికి ఇనప తలుపు,
దాని వెనక ఇంకో తలుపు, మూడు తాళాలు.
ఆ గుత్తి ఇప్పటికీ నా సంచిలో
గలగలమంటూనే ఉంది,
ఇక్కడ దేనికీ పట్టకపోయినా.

వెనక బెంచీలోంచి బత్‌సూరి:
"పెరుగుగడ్డ తినొచ్చు. కళ్ళెం పట్టుకుపోతేనే దొంగ."
"ఎందుకని?"
"తిన్నవాడు బతుకుతాడు.
కళ్ళెం పోయినవాడు మంచులో నడుస్తాడు."
"ఆకలికే కళ్ళెం అమ్ముకుంటే?"

అంతే, తుట్టె కదిలింది.
ఎవరికెంత నష్టమో లెక్క చూడమన్నాడు ఒకడు.
లెక్కేంటి, తప్పు తప్పే అంది ఒకతె.
మా తాతైతే ఏం చేసేవాడో
అదే చేస్తానన్నాడు ఇంకొకడు.
ఈ మూడింటికీ పుస్తకంలో పొడుగాటి పేర్లున్నాయి.
నేను చెప్పలేదు.
పేరు పెడితే ఊరుకుంటారేమోనని భయమేసింది.

దుల్గూన్ ఇంకా కూర్చోలేదు.
"మా అన్న నగరంలో, ఒక రాత్రి చలికాగలేక
తెరిచున్న తలుపు తోసుకెళ్ళి టీ పెట్టుకున్నాడు.
నీళ్ళు మరిగేలోపే పోలీసులొచ్చారు.
అన్నకి ఇప్పటికీ అర్థం కాలేదు."

"ఏ ఊరి నీతి ఆ ఊరిది," అన్నాను,
చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నంత తేలిగ్గా.

అప్పుడు సరన్‌గో.
చేరిన నాటినుంచీ నోరు విప్పని పిల్ల.
లేచి నిలబడలేదు, తల కూడా ఎత్తలేదు.

"మా బాబాయి పిన్నిని కొడతాడు.
గుర్రాల కొరడాతో.
మా వైపు అది మామూలే అంటాడు.
అదీ ఆ ఊరిదేనా టీచర్?"

పొయ్యిలో బొగ్గు చిట్లింది.
ముప్పై రెండు జతల కళ్ళు.
పుస్తకం బల్లమీదే ఉంది, తెరవాలనిపించలేదు.
గుడారం తెరిచి వెళ్ళినవాణ్ణి అడిగితే
సరేనంటాడు, తుఫానులో వచ్చినవాడూ సరేనంటాడు.
రేపు వీడు అతిథి, వాడు ఇంటాయన.
మరి కొరడా?

"మీ పిన్నిని ఎవరైనా అడిగారా?"
నా గొంతు నాకే కొత్తగా వినపడింది.
"ఎవరడుగుతారు?" అంది.

వసారాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్కని
ఎవరో సుత్తితో మోదారు.
బూట్లు, టోపీలు, తోపులాట.
బల్ల తుడవబోయాను, చెయ్యి మధ్యలో ఆగింది.
"తీసుకుంటే దొంగతనం" పోయింది.
"అడగకుండా" మిగిలింది.
అలాగే ఉంచేశాను.

ఆదివారం ఆ గుడారం వైపు నడిచాను.
మోకాలు లోతు మంచు.
దూరం నుంచే, వీళ్ళ పద్ధతిలో,
"కుక్కని పట్టుకోండి!" అని కేకేశాను.
ఇదొక్కటి మాత్రం బాగా నేర్చుకున్నాను.

తలుపు తీసింది ఆమే.
కుక్క మెడ పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి
ఎవరు కావాలన్నట్టు చూసింది.
దారంతా కూర్చుకున్న ప్రశ్న
నాలిక మీదే గడ్డకట్టింది.

టీ తాగుతావా, అని
ఆమే ముందు అడిగింది.