ఇరవై పాయింట్ తొమ్మిది

జుబైల్‌ల నా కొలువు
ఒక తూటు పక్కన కూసునుడు.
ట్యాంకు నోటికాడ ప్లాస్టిక్ స్టూలు,
మెడల విజిల్, ఒళ్ళె రిజిస్టరు.
లోపలికి ఎవరు దిగిండ్రు, ఎన్నింటికి,
లోపల గాలిల ఆక్సిజన్ ఎంత.
ఇరవై పాయింట్ తొమ్మిది ఉంటే ఖైర్.
పంతొమ్మిదిన్నర కిందికి జారితే
నడుముకున్న పసుపు డబ్బ కీసుమంటది,
నేను విజిల్ ఊదుత,
పార యాడిదాడ ఇడిసి అందరు పైకి రావాలె.
పదకొండేండ్లల్ల
ఒక్కని పేరు ముంగట గూడ
‘బయటికి’ అనే గడి ఖాళీ ఉంచలే.

లింబాద్రిది లోపలి పని.
అడుగున పేరుకున్న మడ్డిని గీకుడు.
ఆ యేడు మెడికల్‌ల వాని రక్తం పంతొమ్మిది ఉన్నదని తేలితే
క్యాంపంత నవ్వింది:
మెస్సు పప్పుకే గింత రక్తమా, మాకు గూడ చెప్పరాదు!
వాడు గూడ నవ్విండు.
రంజాన్ నడుమ ఒకనాడు
బాత్రూంల నుంచి వచ్చి నా మంచం అంచుకు కూసొని
గోడ దిక్కు చూసుకుంట అన్నడు:
అన్నా, ఎర్రగ వస్తుంది.

కిడ్నీ. ఎడమది. నారింజ పండంత గడ్డ.

సూడాన్ డాక్టర్. సగం హిందీ, సగం చేతులు.
నేను డ్యూటీ మీదికెల్లి ఉరికొచ్చిన,
డబ్బ నడుముకే ఉన్నది.
అది ఇమ్మని చెయ్యి సాపిండు.
ప్రతి కణంల ఇసొంటిదే ఒకటి ఉంటదన్నడు.
కణం పొద్దుమాపు ఒక వార్తగాన్ని పుట్టిస్తనే ఉంటదట,
గాలి ఉన్నంతసేపు వాన్ని పట్టి, ముద్ర గుద్ది,
నిమిషాలల్లనే ముక్కలు చేస్తనే ఉంటదట.
గాలి తగ్గితే ముద్ర పడదు.
వాడు బతికిపోతడు.
సక్కగ నడిమింట్లకు పోయి కేకేస్తడు:
రక్తం పెంచుండ్రి!
కొత్త నరాలు తవ్వుండ్రి!
గాలి లేకున్నా చక్కెరనే బుక్కుండ్రి!

నాకు సమజైంది.
పాసు రద్దు గానోడు. ఖల్లివెల్లి.

మంచోడే గద సాబ్, అన్న.
మంచోడే, అన్నడు. తల్లి కడుపుల బిడ్డ
వాని పుణ్యానే పెరుగుతది.
మరేంది?
డబ్బను మూతికాడ పెట్టుకొని
ఊపిరి బిగవట్టి ఊదిండు.
కీసుమన్నది.
కిటికీ తెరిచే ఉన్నది. పర్దా ఎగురుతున్నది.
ఇతని కణంల ముద్ర గుద్దేటోడు సచ్చిండు, అన్నడు.
చుట్టూ గాలి నిండుగున్నది,
వార్తగాడు ఊపిరాడతలేదని ఒర్రుతనే ఉన్నడు,
గడ్డ నమ్ముతనే ఉన్నది.

తతిమ్మా గడ్డలు గట్ల కావట.
వాటి నడుమ నిజంగనే గాలి ఆడదు,
ఒకని మీద ఒకడు పుట్టుకొచ్చి.
నాకు మా రూము యాదికొచ్చింది:
పన్నెండు మంచాలు, జులైల ఏసీ పాడైన తొమ్మిది రోజులు.
నడిమి మంచమోడు మొదలు తన్నుకలాడిండు,
తర్వాత అలవాటు పడ్డడు,
తర్వాత వాని నిద్రంత మొండి నిద్ర
ఎవ్వరికి లేకుండె.
అంచు మంచం ఇస్తమన్నా రాలే.

కిడ్నీ తీసేసిండ్రు. అప్పటికే
ఊపిరితిత్తిల రెండు చుక్కలు.
వార్తగాని నోరు మూసే గోళి ఒకటి వచ్చిందట.
ధర అడిగిన.
డాక్టర్ పర్దా సర్దిండు.

లింబాద్రిది వార్డుల కిటికీ పక్క మంచం.
ముక్కుకు సన్న పైపు.
గాలి మంచిగున్నదా అన్నా, అని నన్నే అడుగుతడు,
నా నడుము దిక్కు చూసుకుంట.
నేను డబ్బ తీసి అంకె చూపెడ్త.
సరే అంటడు.

రాత్రి రిజిస్టరు తిరగేసిన.
వాడు ఆఖరుసారి ట్యాంకుల దిగిన పేజీ.
లోపలికి: ఏడు నలభై.
బయటికి: పదకొండుంబావు.
గాలి: ఇరవై పాయింట్ తొమ్మిది.
కింద నా సంతకం.
యాడ గూడ తప్పు దొరకలే.
మళ్ళ మొదటి లైను కాడికెల్లి
వేలు పెట్టుకొని చదువుతున్న.