వాచ్ మారే వేళ

పావు తక్కువ నాలుగు.
ఆనంద్‌బాగ్ మొత్తం నిద్రలో ఉంది.
నేను అరియలూరుకి ఫోను కలుపుతాను.
వాచ్ మీద ఉన్నవాడే కదా తర్వాతివాణ్ణి లేపాల్సింది.
"చెప్పండి తీన్‌సాబ్" అంటాడు సెల్వనాయగం.
ఓడ దిగి ఇరవై రెండేళ్లయినా
నేను థర్డ్ ఇంజనీర్నే, తను ఆయిల్‌మ్యానే.

ప్రెషరెంత?
నూట యాభై, మాత్ర వేసుకున్నాక.
బిల్జి పంపులు?
రాత్రి మూడుసార్లు.
నవ్వుకున్నాక అసలు సంగతికొస్తాం,
రాళ్లకి.

ఈ పిచ్చి అంటించింది సరంగు జుసబ్.
కాసాబ్లాంకాలో ఎత్తిన ఎరువు రాయి
విశాఖలో దించేసి హోల్డు ఊడుస్తుంటే
చీపురుకి సొరచేప పన్ను తగిలింది.
తుడిచి, గోటితో మీటి, "ఇంకా తెగుతుంది" అన్నాడు.
కోట్ల ఏళ్ల పన్ను.
ఇంజను వాళ్లం, మాకక్కడ పనే లేదు,
అయినా ముగ్గురం మోకాళ్ల మీద పాకాం
పైనుంచి మాలిమ్‌సాబ్ ఎంత అరిచినా.

ఇప్పుడు జుసబ్‌కి చెవులు లేవు, వించీలు తినేశాయి.
ఫోను దండగ.
మాండ్వి నుంచి బేగంబజారుకొచ్చే ఖర్జూరం లారీలో
రాతి బాణపు ములుకులు పంపిస్తాడు, గోనె ముక్కలో చుట్టి.
సెల్వం సిమెంటు క్వారీల్లో ఏరిన అమ్మోనైటు
పొట్టేలు కొమ్ములా ముడుచుకుని
తమిళ పేపర్లోంచి బయటికొస్తుంది.

నేనేం పంపను?
కిటికీ తీస్తే మౌలాలి గుట్ట.
అది గడ్డకట్టిన నాటికి నత్త లేదు, చేప లేదు,
పెంకున్న ప్రాణి ఒక్కటీ పుట్టనే లేదు.
"మీ ఊరి రాయికి జ్ఞాపకం లేదు సాబ్" అన్నాడు సెల్వం.
సరదాకే అన్నాడు.
నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

ఒక ఆదివారం వికారాబాద్ బస్సెక్కాను.
నల్లరాతి పొర కింద, మరో నల్లరాతి పొర మీద,
జానెడు మందాన తెల్లటి చెకుముకి రాయి.
అందులో శనగగింజంత నత్త.
నాలికతో తడిపి చూశాను. ఉప్పు లేదు.
రెండు లావాల నడుమ దొరికిన తీరికలో
ఏదో మడుగులో బతికేసింది.

ఇద్దరికీ చెరొకటి పంపాను.
జుసబ్ మనవడు కార్డు రాశాడు:
"మంచినీళ్ల సరుకైనా మంచి సరుకేనంటున్నాడు దాదా."

వాచ్ అప్పగించాక "ఇక పడుకోండి" అంటాడు సెల్వం.
ఆ మాట చెవిన పడ్డాకే నాకు కన్ను మూతపడేది.

ఇవాళ లేచేసరికి
కరెంటు బిల్లుల మీద అమ్మోనైటు లేదు.
మా ఆవిడ దాన్ని చింతపండు పెట్టి తోమి
ఇత్తడి చెంబుల వరసలో గట్టు మీద ఆరబెట్టింది.
"జిడ్డు ఎలా వదిలిందో చూడండి" అంది.
కొత్తిమీర ఆకు అంచుల్లాంటి ఆ సన్నగీతలు
సగం కరిగిపోయాయి.

సెల్వానికి చెప్పాలి.
ముందు ప్రెషరెంతో కనుక్కుని.