రసమట్టం

తెల్లారగట్ల నాలుగింటికి
వంటింట్ల గిన్నె దొర్లిన చప్పుడు.
పిల్లి అనుకున్న.
పోయి చూస్తే సున్నం.
లేవబోతున్నది, ఎడమకు పడుతున్నది,
మళ్లా లేవబోతున్నది, మళ్లా ఎడమకే.
మా ఇంట్ల అట్ల నడిసినోణ్ణి నేనొక్కణ్ణే,
అదీ మానేసి ఎనిమిదేండ్లు.

కండ్లు చూసిన.
నల్లగుడ్లు అటు జారి, ఇటు ఎగిరి, అటు జారి
ఎక్కడా నిలుస్తలేవు,
నా మొఖం మీద గూడ.

ఎవరో విషం పెట్టిన్రన్నది భార్గవమ్మ.
పక్షవాతమన్నడు పై పోర్షన్ సారు, మెట్ల మీదనే నిలబడి.
లుంగీల చుట్టి ఎత్తుకున్న.
సిమెంటు బస్తా యాభై కిలోలు,
ఇది పద్దెనిమిది.
బస్తా వణకదు.

వారాసిగూడ చౌరస్తాల మొదటి ఆటో "కుక్కనా?" అని పోయింది.
రెండోది ఐదు నూర్లన్నది.
మూడో ఆటోల ముసలాయన ఏమడగలే,
సీటు మీద తన చెద్దరు పరిచి
"గట్టిగ పట్టుకో భాయ్, గుంతలున్నయ్" అన్నడు.
పార్శీగుట్ట ఉతారుల
మలుపు మలుపుకూ దాని గోర్లు నా మోచేతిల దిగినయ్.

నారాయణగూడ పశువుల దవఖాన గేటు తెరవలే.
మేకను పట్టుకొని ఒకామె,
అట్టపెట్టెల చిలకతోని ఒక పోరడు,
నేను.
ఎవరి రోగం పెద్దదో ఎవరమూ అడుక్కోలే.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెవుల లైటేసి చూసింది.
"పెద్ద వయసు కుక్కలకు వస్తది, లోపలి చెవి.
నొప్పేం లేదు.
దానికిప్పుడు భూమి తిరుగుతున్నది, అంతే."

అంతే అన్నది.

ఇరవై ఆరేండ్ల సంది
నేల మట్టం చేసుడే నా బతుకు.
మణికొండల, నార్సింగిల,
నేనెన్నడు కాపురముండని పద్దెనిమిదో అంతస్తుల
రసమట్టం బుడగ నడిమికొచ్చి ఆగేదాక
మోకాళ్ల మీదికెల్లి లేవను.
నిజాంపేట సైటు కాడ సున్నం బస్తాల సందుల దొరికింది ఇది,
తాపీ అంత ఉండె.
దీని కింది నేల నాకు చేతగాలే.

మా ఇంట్ల టైల్సన్నీ
ఊరందరి ఇండ్లల్ల మిగిలినయ్, జారుడువి.
గోనెసంచులు పరిచిన.
అటో దుప్పటి చుట్ట, ఇటో దుప్పటి చుట్ట, నడుమ అది.
సూది తీసిన సిరంజితోని చెంపల పక్కకెల్లి నీళ్లు,
చుక్క చుక్క.
పొట్ట కింద తువ్వాల వేసి గల్లీలకు మోసేది రాత్రి రెండింటికి.
రోజూ మీద పడి కరిసే గల్లీ కుక్కలు
కారు కింద పండుకొని చూసేటియి.
ఒక్కటి గూడ మొరగలే.

కాంట్రాక్టరు ఫోను.
కుక్క కోసం ఆగిన్నంటే నవ్వుతడని
బిడ్డకు బాగలేదన్న.
నవ్యశ్రీ పుస్తకంల నుంచి తలెత్తి
నా పేరు వాడుకున్నవ్, పది రూపాలియ్యి అన్నది.
ఇచ్చిన.

నాలుగో రాత్రి దాని పక్కన నేల మీద పండుకున్న,
చెంప టైలుకు ఆనించి, అది చూసినట్టే చూద్దామని.
ఫ్రిజ్ కింద పోయిన నా తాళంచెవి కనపడ్డది.
ఇంకొకటి గూడ కనపడ్డది:
నీళ్ల గిన్నె కాడి టైలు ఒక దిక్కు దిగున్నది.
సంచిల నుంచి రసమట్టం తీసి పెట్టిన.
బుడగ పక్కకు పోయి కూసున్నది.
పదకొండేండ్లాయె ఆ టైలు వేసి,
నా చేతులతోని, నా ఇంట్ల.

అప్పటికి కండ్లు కొంచెం మెల్లగైనయ్.
ఆరో రోజు ఉడికిన గుడ్డు తిని
నా వేలు గూడ కొరికింది.
ఎనిమిదో రోజు గోడకు రెండుసార్లు తాకుకుంట
తలుపు దాక పోయింది.
భార్గవమ్మ పాలవానికి చెప్తున్నది, మా సున్నం నడిసిందని,
పాలవాడు అడగకున్నా.

తల మాత్రం ఎడమకు వంగే ఉన్నది.
ఉంటే ఉంటదన్నది డాక్టరమ్మ.
ఇప్పుడు నేనేం మాట్లాడినా
వినపడలే, మళ్లా చెప్పు అన్నట్టు చూస్తది.
మళ్లా చెప్తున్న.

ఆ టైలు పీకి సరిగ్గ వేద్దామని
ఆదివారం సుత్తె, ఉలి ముందటేసుకున్న.
అది వచ్చి టైలు మీద నిలబడ్డది,
గిన్నెల మూతి పెట్టి
ఒరగకుంట, పడకుంట
గిన్నె ఒడిసేదాక తాగింది.
ఎందుకో నాకు తెల్వదు.
సుత్తె సంచిల పెట్టిన.