పది ఇంటూ పది ఇంటూ రెండు

పలమనేరు దాటి అడవి అంచు రోడ్డులో
మామిడి తోపులు అయిపోయాక
ఎడమకి దిగితే కుప్పమ్మ చేను.
ఎకరా ముప్పై సెంట్లు.
అందులో నాలుగు సెంట్లు ఇప్పుడు పంట కుంట.

పొడవు పది మీటర్లు, వెడల్పు పది, లోతు రెండు.
టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస ఆమె కాలి బొటనవేలి కింద.
"సరింగా ఉండాదా పాపా?
కూలోళ్ళు జానెడు ఎగ్గొట్టినారేమో అని
దినామూ కట్టెతో కొలస్తానే ఉండా."

సరిగ్గానే ఉంది.
సరిగ్గా లేనివి డ్రిప్పు పైపులు.
తొంభై శాతం రాయితీ, మిగతా పది ఆమె కమ్మలు.
కమ్మలు తాకట్టు కొట్లో భద్రంగా ఉన్నాయి,
పైపులే టమాటా సాళ్ళలో లేవు.
కొన్ని కానుగ కొమ్మ మీద,
కొన్ని చిక్కుపడ్డ జుట్టులా గట్టు కింద,
ఒకటి, పొడవాటిది, అడవి దారిలో
ఎవరో ఈడ్చుకుపోతూ విసుగొచ్చి వదిలేసినట్టు.

రాత్రి ఏనుగులొచ్చాయి.

అవి రాకూడదని అటవీ శాఖ వాళ్ళు కందకం తవ్వారు.
నీళ్ళు పోకూడదని మా శాఖ కుంట తవ్వింది.
రెండు ఫైళ్ళూ రెండు బీరువాల్లో,
ఏనాడూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.
పోయిన వానకి కందకం గట్టు జారిన చోట
పిల్ల ఏనుగు కూడా దిగి ఎక్కగలదు.
దిగింది. ఎక్కింది. తల్లి తోక పట్టుకుని
తిన్నగా నీళ్ళ వాసనకి వచ్చింది.

"ఎన్నొచ్చినాయి?"
"చీకట్లో లెక్క పెట్టేదానికి అవేమన్నా మేకలా?
నీళ్ళు పీల్చే సద్దు మటుకు తెల్లార్లూ ఇన్యా.
ఇంట్లో టపాసులు ఉండాయి. కాల్చబుద్ధి కాలా.
దప్పికైనదాన్ని ఎట్ల తరిమేది?"
కాసేపాగి,
"టమాటాలు తొక్కినప్పుడు తిట్టినాలే.
నోటికొచ్చినట్టు తిట్టినా."

ట్యాబులో గడులున్నాయి.
నష్టానికి కారణం: కరువు, వరద, తెగులు.
ఏనుక్కి గడి లేదు. అది వేరే ఆఫీసు,
వేరే ఫారం, వేరే సారు,
ఆయన ఎప్పుడుంటాడో గుమాస్తాకే తెలియదు.
పైపులకి రాయితీ మళ్ళీ కావాలంటే ఏళ్ళు ఆగాలి.
ఆ మాట చెప్పడానికి గొంతు సవరించుకున్నా.
ఆమే అందుకుంది:
"తెలుసులే. నీది చిన్న ఉద్యోగం, నువ్వేం జేస్తావు."

లబ్ధిదారుల సంఖ్య అన్న గడిలో
ఒకటి అని ముందే కొట్టి ఉంది.
నొక్కి చూశా. మార్చడానికి వీల్లేదంది.

గట్టు మీద అడుగులు.
ఎందుకో వంగి వాటికీ టేపు పెట్టా.
అడ్డం నలభై సెంటీమీటర్లు, లోతు జానెడుకి తక్కువ.
నేలంతా అప్పుడే ఆరిపోయింది గానీ
రాత్రి పడిన తుంపర
ఒక్కో అడుగులో ఇంకా నల్లగా, తడిగా ఉంది.
అంచనా లేదు, మస్టరు లేదు,
ఖర్చు చెక్కిన రాతి పలక లేదు.

కుప్పమ్మ కొంగు ముడి విప్పింది.
అనప గింజలు.
"తవ్వినోళ్ళకి కూలి ఎటూ ఇయ్యలా,
గుంతన్నా ఊరికే పోనీకూడదు గదా."
అడుక్కి రెండేసి వేసి
మడమతో మన్ను తోసుకుంటూ పోయింది
అవి వచ్చిన దారినే, అడవి వైపు.

కుంట, నీళ్ళు, లబ్ధిదారు
ఒకే ఫోటోలో ఉండాలని రూలు.
కుంట వచ్చింది.
నీళ్ళు అడుగున బురదగా వచ్చాయి.
ఆమె వీపు వచ్చింది.

సిగ్నల్ కోసం బండెక్కి నిలబడ్డా.
తొమ్మిది శాతం దగ్గర
ఫోటో తిరుగుతూ ఆగింది.
కిందనుంచి గాలికి
ఆమె లెక్క వినబడుతోంది:
పదిహేడు, పద్దెనిమిది,
ఇదేదో పిల్లదానిది, దీనికి ఒకటి చాలు.