దంచేదాకా వాసన లేదు

పట్నం బజారులో గోనె మూతి విప్పగానే
పొట్టు ఎగిరి నా చొక్కా జేబులో దూరింది.
రెండు కిలోలు. చీటీ మీద గుమస్తా రాశాడు: కాలేజీకి.

ఒలిచేది మస్తాన్‌బీ.
పచ్చళ్ల కంపెనీకి ముప్ఫై ఏళ్లు ఒలిచిన వేళ్లు,
ఇప్పుడు మా ఫార్మసీ ల్యాబు వెనక మెట్ల మీద.
గోరుతో ఒక్క గీటు,
రెబ్బ తెల్లగా జారి చేటలో పడుతుంది.
"ముక్కు దగ్గర పెట్టుకో బాబూ" అని ఒకటి చేతికిచ్చింది.
పెట్టుకున్నాను.
ఏమీ లేదు. కాస్త తడి, కాస్త మట్టి.
"దంచేదాకా ఇది నోరు విప్పదు."

నేను పుస్తకంలో చదివిందీ అదే, వేరే మాటల్లో.
ఒకే రెబ్బలో పక్కపక్క గదులు.
ఒక గదిలో అల్లీన్, ఊరికే కూర్చుని.
ఇంకో గదిలో ఎంజైమ్, కత్తి నూరుకుంటూ.
రోకలి పోటు పడ్డాక గోడ ఉండదు.
అప్పుడు పుడుతుంది అల్లిసిన్.
పురుగు కొరికినా అంతే, పంటి కింద నలిగినా అంతే,
గాయంలోంచి తప్ప పుట్టని ఘాటు.

పుట్టి ఎక్కువసేపు బతకదు.
ముద్దని ఫ్లాస్కులో వేసి నీళ్లు పోసి మంట పెంచితే
ఆవిరిలో విరిగి, మళ్లీ అతుక్కుని,
రెండు గంధకాలు చేయి పట్టుకున్నదొకటి,
మూడు పట్టుకున్నదొకటి,
డైఅల్లైల్ డైసల్ఫైడ్, డైఅల్లైల్ ట్రైసల్ఫైడ్...
"గంధకమా? టపాకాయల్లో కూరేదా?
అదా నేను రోజూ పప్పు తాలింపులో వేసేది!"

మూడు గంటలు. బయట ఎండ నలభై నాలుగు.
కరెంటు రెండుసార్లు పోయింది, కుళాయి ఒకసారి ఆగింది.
రింగు రోడ్డు దాకా కంపు కొడుతోందని
వాచ్‌మన్ చలపతి తిట్టి పోయాడు.
చివరికి గాజుగొట్టంలో, నీళ్లకి అడుగున
లేత పసుపు నూనె.
నువ్వుల నూనెలా తేలలేదు, మునిగింది.
రెండు కిలోలకి అర చెంచా.
"ఇంతేనా?" అంది, తన వేళ్ల వంక చూసుకుని.

ఆ నూనె కాగితపు బిళ్లకి అద్ది
సూక్ష్మజీవులు పాకుతున్న గాజు పళ్లెంలో పెట్టాను.
మర్నాడు పొద్దున బిళ్ల చుట్టూ ఒక్క జీవీ లేదు,
వాన ముందు చంద్రుడికి కట్టే వరదగుడిలా
ఖాళీ వలయం.
పద్దెనిమిది మిల్లీమీటర్లు అని గర్వంగా చదివాను.
మస్తాన్‌బీ వంగి చూసింది.
"మరి నా షుగరు?"

స్కేలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.
పళ్లెంలో జీవులకి కిడ్నీలు లేవు,
రాత్రి అన్నం మానలేని ఆకలి లేదు.
గాజు మీద నిజమైంది నెత్తుట్లో నిజమవ్వాలంటే
ఇంకా ఎన్ని ఏళ్లో, ఎందరు మనుషులో.
"బిళ్లలు మానొద్దు" అన్నాను.
"పన్ను పీకించుకునే ముందు మాత్రం డాక్టరుకి చెప్పు
ఇది బాగా తింటానని. నెత్తురు తొందరగా గడ్డకట్టకపోవచ్చు."
"షుగరుకి?"
"తెలియదు."
ఫ్లాస్కునీ, స్టాండునీ, గొట్టాలనీ పైనుంచి కిందికి చూసింది.
"తెలియదని చెప్పటానికి ఇంత సామానా?"

బాలింతలకి వెల్లుల్లి కారం కలిపిపెట్టిన చెయ్యి అది.
చెవిపోటుకి రెబ్బ కాచిన నూనె చుక్క వేసిన చెయ్యి.
మొన్న రేషను మిషను మీద
బొటనవేలు మూడుసార్లు నొక్కిందట.
మూడుసార్లూ ఎర్ర లైటే.
ముప్ఫై ఏళ్ల రసం గీతలన్నీ నమిలేసింది.

నా పట్టికలో సూక్ష్మజీవి పేరుంది,
చుక్కల లెక్కుంది, వలయం వెడల్పుంది.
ఆ వేలికి గడి లేదు.
పెన్సిలుతో అంచున రాశాను:
మస్తాన్‌బీ, కుడి బొటనవేలు.
పక్కన ఏం రాయాలో తోచలేదు.

సబ్బుతో మూడుసార్లు కడుక్కుని బస్సెక్కాను.
లాడ్జి సెంటర్ రాకముందే
పక్క సీటాయన కొంగలా మెడ తిప్పి
కిటికీ తెరిచాడు.