తూచారా, చూశారా

మార్చి నెల, మేపుల్ క్రీక్ వేలం కొట్టం.
తడి రంపపుపొట్టు వాసన, మాడిన కాఫీ వాసన.
ఇనుప కటకటాల వెనక నల్లటి ఆంబోతులు
ఒక్కొక్కటే వచ్చి తిరిగి పోతున్నాయి.

ఒరెస్ట్ భుజాలు చూస్తాడు.
పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళుగా భుజాలే చూస్తాడు.
"పద్నాలుగో నంబరు చూడు, తలుపు చాలదు దానికి"
అంటాడు, పెళ్ళికొడుకుని మెచ్చుకున్నట్టు.
నేను జాబితా మీద వేలు జరుపుతూ
కింది వరసలో చిన్న అంకె దగ్గర ఆగుతాను.
పుట్టిన రోజు తూనిక: నూట నాలుగు పౌన్లు.
చాలని తలుపు ఏదో నాకు తెలుసు.

పోయిన ఫిబ్రవరి. మైనస్ ముప్పై ఒకటి.
ఎనభై ఆరో నంబరు చెవిబిళ్ళ, తొలిచూలు పెయ్య.
రెండు గిట్టలు బయట. మూతి రాలేదు,
నాలుక మాత్రం వచ్చింది, వాచి, నీలంగా.
మోచేతి దాకా లోపలికి పోనిచ్చి గొలుసు తొడిగాను.
ఒరెస్ట్ జాకీ తిప్పాడు.
పెయ్య అరవడం మానేసింది.
అరిచినంతసేపూ మాకు ధైర్యంగానే ఉండింది.
నూట పద్దెనిమిది పౌన్ల దూడ,
ఎంత నిండుగా ఉందో, చచ్చి.
తల్లి మళ్ళీ వెనక కాళ్ళ మీద లేవలేదు.
తండ్రి ఎవరో మా పుస్తకంలో రాసే ఉంది.
ఆ పొద్దున ఒరెస్ట్ భుజాల మాట ఎత్తలేదు.
గడ్డి మొలిచేసరికి ఎత్తాడు.

అతని లెక్కనీ తోసెయ్యలేను.
అక్టోబరులో లారీ వస్తుంది,
బ్యాంకు కాగితం దానికన్నా ముందే వస్తుంది.
బరువు లేని దూడలతో ఆ రెండిటికీ జవాబు చెప్పలేం.
మరీ చిన్నదైనా చిక్కే:
యాభై పౌన్ల దూడ ఈ గాలిలో
తల్లి నాకి ఆరబెట్టేలోపే చెవులు పోగొట్టుకుంటుంది.
పొరుగున టోర్వాల్డ్ పదేళ్ళు తేలికవే ఏరి ఏరి కొన్నాడు.
తేలిగ్గా పుట్టిన పెయ్యలు ఇరుకుగానే పెరిగి
ఇప్పుడు ఆ తేలిక దూడలకే అవస్థ పడుతున్నాయి.

ముప్పై ఏడో నంబరు.
డెబ్బై రెండు పౌన్లు అని ఉంది.
సన్నటి మోర, వాలు భుజం,
మేకులా కాక సూదిలా దూరే తల.
అమ్మేది ఎల్ఫ్రీడా ఫ్రీసెన్, డెబ్బై దాటిన మనిషి.
వెళ్ళి అడిగాను: "తూచారా, చూశారా?"
ఆమెకు కోపం రాలేదు.
కోటు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసింది.
ఆ పేజీ మూల గోధుమరంగు మరక, ఎండిన మాయ నీరు.
"భుజం నొప్పిగా ఉండింది ఆ వారం.
అయినా కొక్కేనికి నేనే ఎత్తాను.
వీడి అన్న డెబ్బై ఆరు. అక్క అరవై తొమ్మిది.
వీళ్ళమ్మ ఈనేటప్పుడు నన్నెప్పుడూ లేపలేదు."
ఆ చివరి మాటకే నేను కొనేశాను.
వేలం తర్వాత సంగతి.

"అది ఆంబోతా, కుక్కా?" అన్నాడు ఒరెస్ట్.
కార్డు ఎత్తాను. ఇంకెవరో ఎత్తారు.
మళ్ళీ ఎత్తాను.
అయిదువేల ఎనిమిది వందలు.
ఇంటిదాకా రేడియో అతనే మార్చుకుంటూ వచ్చాడు.

మే నెలలో పద్దెనిమిది పెయ్యల మధ్య వదిలాం.
ఒకటి చూలు కట్టలేదు.
ఒకదానికి దూడ వెనక్కి తిరిగింది,
దాన్ని లాగాల్సే వచ్చింది;
అడ్డం తిరిగినదానికి ఏ అంకె అడ్డుపడుతుంది?

మొదటిది మాత్రం ఫిబ్రవరి ఇరవై మూడు, రాత్రి రెండున్నర.
వేడినీళ్ళ బకెట్లో గొలుసులు వేసుకుని
లాంతరు పట్టుకుని నేను కొట్టం చేరేసరికి
అది లేచి నిలబడి ఉంది,
నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు పోతూ,
ముర్రుపాలు మూతి నిండా పూసుకుని.
తల్లి నావంక చూసింది, ఏం పని అన్నట్టు.

ఒరెస్ట్ బూట్లు ఈడ్చుకుంటూ వచ్చాడు.
ఏమీ అనకుండా కొక్కేనికి తగిలించాడు.
డెబ్బై ఒకటి.
"ఇంకో అయిదు పౌన్లుంటే బావుండేది" అన్నాడు.
నేను నవ్వలేదు. చాలాసేపు ఆపుకున్నాను.

తెల్లారేసరికి బకెట్లో నీళ్ళు గొలుసుల మీద గడ్డకట్టాయి.
పగలగొట్టే తొందర
ఎవరికీ లేకపోయింది.