పదో మనిషి

కొర్లగుంటలో రేషన్ అంగడి అరుగు మీద
నా నీలం డబ్బా.
లోపల నాలుగు ఐసు పలకల నడుమ
పురిటిబిడ్డలా పడుకోనుండే ఒక సీసా.
మూత తీస్తే పదిమందికి.
తీసినాక పొద్దుగూకే లోపల అయిపోవాల,
మిగిలితే మట్టిపాలే.

ఈ నెలంతా ఊరికి ఒకటే దగ్గు.
బస్టాండు బెంచీ మీద మొదలై
గోవిందరాజుల గుడి వీధి మలుపు తిరిగి
రాత్రిళ్ళు మా గోడకు అవతల
ఎవురో తలుపు తట్టినట్టు దగ్గు.
పెద్దాసుపత్రిలో మంచానికి ఇద్దరు.
టీ అంగడి గురవయ్య
"రొంపే కదమ్మా" అన్నాడు సోమవారం.
శుక్రవారం నుంచి షట్టరు దించే ఉంది.
ఎవురూ ఆ పేరెత్తరు,
పక్క వీధికి పోయి టీ తాగొస్తారు.

నా పుస్తకంలో నాలుగు గంటలకు తొమ్మిది పేర్లు.
ఆరో నెల కడుపుతో సెల్వి,
"ఇద్దరికీ ఒకటే సూదా అక్కా?" అని నవ్వి చెయ్యి చాపింది.
జీపు నడిపే హయాత్ బాషా
గట్టిగా కండ్లు మూసుకున్నాడు,
ఘాటు రోడ్డు మలుపుల్లో కూడా మూయనోడు.
పాపసానమ్మవ్వ జబ్బ మీద
అణాబిళ్ళంత పాత టీకా మచ్చ.
దాని పక్కనే పొడిచినా.

సూది దిగింది, అవ్వ కదల్లేదు,
అరుగు మీదే కూర్చుని మాటలు పెట్టింది.
"మా కాలంలో గంగమ్మ చాటింపు ఏస్తే
ఊరోళ్ళు పొలిమేర దాటేదానికి లేదు,
బయటోళ్ళు రాత్రి నిద్ర చేసేదానికి లేదు.
ఇప్పుడు ఏసి చూడు!
గంటకొక రైలు, నిమిషానికొక బస్సు.
పొలిమేర యాడుందో ఎవురికి తెలుసు?"

"నీ జబ్బ మీదుంది అవ్వా" అన్నా.
దూది తీసి చూసుకుంది,
నిజంగా అక్కడ గీత ఏమన్నా ఉందేమోనని.

పదో చుక్క సీసా అడుగున
నన్నే చూస్తా ఉంది.
లేచి తలుపులు తట్టినా.
"మిరియాల కషాయం తాగతా ఉండాం."
తాగండి, మంచిదే, ఇదీ వేసుకోండి.
"ఆయన ఇంట్లో లేడు."
చెయ్యి నీది కదమ్మా.
"రేపు రా."
"రేపు చూస్తాంలే."
"రేపు."

కొండ బస్సు దిగి వస్తా కనిపించినాడు
కల్యాణకట్టలో కత్తి పట్టే చెంగల్రాయుడు.
చొక్కా మీద ఎవురెవురివో వెంట్రుకలు,
ఒరిస్సావో, షోలాపూరువో.
"నాకెందుకు తల్లీ?
ఇరవై రెండేండ్లు.
ఏ దేశం తల నా చేతికి రాలేదు?
నా మొగాన తుమ్మనోడు ఎవుడు?
ఏమీ కాలేదు."

వాదం పెట్టుకోలా.
కాళ్ళు నొప్పి, గొంతు ఎండిపోయింది.
ఊరికే అడిగినా:
"ఇయ్యాళ ఎన్ని అరబ్లేడులు పారేసినావు మామా?"
"తలకొకటి" అన్నాడు రోషంగా.
"ఒకరికి ఆడించింది ఇంకొకరికి పెడతామా?
ముందరోడికి ఏముందో,
ఎనకొచ్చే పసిబిడ్డకు..."

మాట అక్కడ ఆగింది.
వీధి కుళాయి కింద బిందె నిండి పొర్లతా ఉంది,
ఎవురూ కట్టలా.

చెంగల్రాయుడు సంచి దించి
చొక్కా చెయ్యి పైకి మడిచినాడు.
"కదలొద్దు" అన్నా.
దినమంతా ఆ మాట చెప్పే మనిషి
తల వంచి, బుద్ధిగా,
మొక్కు తీర్చుకునేదానికి వచ్చినోడిలా
కూర్చున్నాడు.

"పని చేసేదానికి రెండు వారాలు పడుతుంది మామా,
అందాకా మూతికి గుడ్డ మరవొద్దు.
జెరమొస్తే కొండెక్కొద్దు."
తల ఊపినాడు.
దూది అదిమి పట్టుకుని
నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగినాడు.

"అవును, నీకెవురు ఏసినారు?"

సీసా ఎత్తి వీధి దీపానికి అడ్డం పట్టినా.
ఖాళీ.
ఐసు పలకలు కరిగి
డబ్బా లోపల నీళ్ళు కదిలిన చప్పుడు.

"రేపు" అన్నా.

ఆ మాట నా నోట్లోంచి వచ్చినాకే విన్నా.